నియోబె మోకాళ్ళ దగ్గరి పిల్ల

సెత్తీమియాకు ఏడుపు రాదు. తప్పంటూ వెతకాలనుకుంటే ఆమె చేసిన తప్పు అదొక్కటే.

రోక్కాసెర్రా కొండ మీద పుట్టిన ఆడవాళ్ళలో సగం మందిలాగే ఆమె కూడా రోముకు దిగివచ్చి, శిల్పుల ఎదుట కూర్చునో నిలబడో బతికేది. వాళ్ళు ఆమెను చూస్తూ మట్టితో బొమ్మ చేసేవారు. ఆ మట్టిబొమ్మకు అచ్చు తీసి పాలరాయిలోకి దింపేవారు. ఆ పాలరాయి ఏ ప్రభువుగారి మేడమెట్ల దగ్గరో వీనస్ అనో డయానా అనో పేరు పెట్టుకుని నిలబడేది. సెత్తీమియా ఎన్నిసార్లు దేవత అయిందో ఆమెకే గుర్తులేదు. దేవత పని ముగియగానే జోళ్ళు తొడుక్కుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ రొట్టె తిని, మొగుడి అక్క, వదిన పల్మీరాతో వీధంతా వినబడేలా నవ్వుకుంటూ గదికి పోయేది.

మొగుడు ఏడాదిలో సగం రోజులు గొర్రెల వెంట మరెమ్మ బయళ్ళలో ఉంటాడు. నాలుగేళ్ళ కూతురు ఎర్సీలియా కొండ మీద నానమ్మ దగ్గర పెరుగుతోంది. ఎండాకాలం వస్తే రోములో జ్వరాలు. పిల్లను ఆ జ్వరాల మధ్య పెట్టుకోవడం ఏ తల్లికి ఇష్టం? పండగలకు కొండెక్కి, పిల్లను చూసుకుని, అత్త చేత నాలుగు తిట్లు తిని దిగివచ్చేది. ఆమెకు జన్మలో ఒక్కటే భయం. ఆ జ్వరం ఎప్పుడైనా తనతోపాటే కొండెక్కుతుందేమోనని. ఆ భయం సంగతి శిల్పి రుస్పాంతిగారికి చెప్పింది కూడా ఆమే. పని మధ్యలో కాళ్ళు తిమ్మిరెక్కి కాస్త విరామం ఇచ్చినప్పుడు, ఊసుపోక ఏదో చెప్పుకుంటాం కదా, అలా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. అంత శ్రద్ధ ఎందుకో అప్పుడు ఆమెకు తట్టలేదు.

గాస్పారె రుస్పాంతి అంటే మార్గుత్త వీధిలో టోపీ తీయని వాడు లేడు. రష్యా నుంచి వచ్చిన ఒక దొరసాని ఆయన్ని నియోబె విగ్రహం చేసిపెట్టమంది. నియోబె ఎవరో సెత్తీమియాకు ఆయనే చెప్పాడు. ఆవిడొక రాణి. పద్నాలుగు మంది బిడ్డల తల్లి. నీకు ఇద్దరే కదా అని ఒక దేవతను ఎగతాళి చేసింది. ఆ దేవత తన ఇద్దరినీ పంపింది. వాళ్ళు బాణాలతో రాణి బిడ్డల్ని ఒక్కొక్కరినే కొట్టి చంపారు. మిగిలిన ఒక్క చిన్నదాన్ని రాణి మోకాళ్ళ మధ్య దాచుకుని, దీన్నొక్కదాన్నైనా వదిలెయ్యమని ఆకాశం వంక చూసింది. ఆయన చెయ్యబోయే బొమ్మ అదే.

"వదిలేశారా మరి?" అని అడిగింది సెత్తీమియా.

"లేదు. ఎవ్వరూ మిగల్లేదు."

సెత్తీమియా ముక్కున వేలేసుకుంది. తనూ ఇద్దరు బిడ్డల్ని కన్న ముండే కదా ఆ దేవత, దానికి చేతులెలా వచ్చాయి అని తిట్టిపోసింది. రుస్పాంతిగారు నవ్వి, ఆ తిట్లు కాదు, దుఃఖం కావాలన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. భుజాలు కుదిరాయి, మెడ కుదిరింది, చీర కుచ్చెళ్ళలా జారే గుడ్డ మడతలు కుదిరాయి. ముఖం కుదరలేదు. సెత్తీమియా ఏడుపు ముఖం పెడితే పంటినొప్పి వచ్చినట్టుండేది. ఉల్లిపాయ పెట్టి చూశాడు, అరిచి చూశాడు, రోజంతా తిండి లేకుండా కూర్చోబెట్టి చూశాడు. ఆకలికి కడుపు గుర్రుమంటే ఆమె ఫక్కున నవ్వేసేది.

ఆగస్టు నెల. ఒకనాటి ఉదయం ఆమె వెళ్ళేసరికి రుస్పాంతిగారు అప్పటికే మట్టి మీది తడిగుడ్డలు విప్పి, చేతులు తడుపుకుని సిద్ధంగా ఉన్నాడు. అచ్చులు పోసే నజ్జరేనో తలుపు దగ్గర నిలబడి నేలచూపులు చూస్తున్నాడు.

"కూర్చో సెత్తీమియా. మీ ఊరి నుంచి కబురొచ్చింది," అన్నాడు ఆయన మెల్లిగా. "పిల్లకి జ్వరమట. నిన్న పొద్దున పోయింది."

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. పెద్దగా కేక వేసింది. ఎర్సీలియా, ఎర్సీలియా అని గొంతు పగిలేలా పిలిచింది. లేవబోతే పడిపోతావు, కదలకు అని ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. కాసేపటికి కేకలూ పోయాయి. నోరు తెరుచుకుని, పైకప్పులోంచి పడే వెలుతురు వంక చూస్తూ ఉండిపోయింది. ఆయన ఆమెవైపు చూస్తూ, మట్టివైపు తిరుగుతూ, మళ్ళీ ఆమెవైపు చూస్తూ పోయాడు. పాపం ఆయనకూ కళ్ళు చెమర్చాయేమో, అందుకే అటు తిరుగుతున్నాడు అనుకుంది సెత్తీమియా. అంత కడుపుకోతలోనూ ఆయన మీద జాలిపడింది. తర్వాత రోజుల్లో ఆమెను అన్నిటికంటే ఎక్కువ కాల్చింది ఆ జాలే.

పని ముగించి ఆయన తొట్టిలో చేతులు కడుక్కున్నాడు. ఎదురుగా వచ్చి నవ్వాడు.

"లే ఇక. నీ పిల్ల గుండ్రాయిలా ఉంది. ఉత్త మాట, పిచ్చిదానా! నీకు ఏడుపు రాదుగా, మరేం చెయ్యను?"

ఆమెకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చిందా అంటే అప్పుడు రాలేదు. ఆయన అరచేతిలో ఏదో నాణెం పెడితే అది జారి నేల మీద దొర్లిపోయింది. నజ్జరేనో వంగి తీసి ఆమె జేబులో పడేశాడు.

ఇంత జరిగాక మనుషులు ఏమన్నారంటారు? ఆ సాయంత్రం సారాకొట్టులో శిల్పులంతా చేరి రుస్పాంతి ప్రతిభకు గ్లాసులెత్తారు. ముఖాన్ని వేటాడి పట్టాడన్నారు. గుడిలో పాద్రీగారి దగ్గర సెత్తీమియా మొర పెట్టుకుంటే, బిడ్డ క్షేమంగా ఉంది కదా, దేవుడికి దండం పెట్టుకో అన్నాడు. గది అద్దెకిచ్చిన ముసలావిడ కూడా చావు కబురు అబద్ధమైతే సంతోషించాలి గానీ ఏడుస్తారా అంది. ఏడుపు రాదని తిట్టించుకున్న మనిషి ఇప్పుడు ఏడుస్తోందని తిట్టించుకుంది. చూడండి ఎంత న్యాయమో!

పోనీ అక్కడితో ఆగిందా? ఆ ఉదయం సెత్తీమియా వేసిన కేక పెరట్లో ఎదురుచూస్తున్న పల్మీరా చెవిన పడింది. ఆవిడ సంతకు పరుగెత్తి, అప్పుడే బయల్దేరుతున్న ఊరి గాడిదలవాడితో, ఎర్సీలియా పోయిందట, మా అమ్మకు ఏం చెబుతావో ఏమో అని గుండెలు బాదుకుంది. పిల్ల ఉన్నది ఆ ఊళ్ళోనే కదా, పోతే ఆ ఊరివాడికి తెలియదా అని ఆవిడకు తోచనేలేదు. వాడు ఊరు విడిచి అప్పటికి చాలా రోజులైంది. వాడికీ తెలియదు. కబురు కొండెక్కింది. వాడు వెళ్ళి గుమ్మంలో నిలబడి చావు మాట చెబుతుంటే, పిల్ల నానమ్మ కొంగు చాటునుంచి తొంగిచూస్తూ అంజూరపు పండు తింటోంది.

రోక్కాసెర్రాలో ఇలాంటిదానికి ఒక పద్ధతి ఉంది. బతికున్న మనిషి మీద చావు మాట పడితే, ఆ మాట ఎవరి నోట పుట్టిందో వాడే వచ్చి తీసెయ్యాలి. ఇరుగుపొరుగు చూస్తుండగా గడప బయట నిలబడి, నేను తెచ్చిన చావును నా వెంట నా ఇంటికే తీసుకుపోతున్నాను అనాలి. ఆ తర్వాత ఆ మనిషిని పేరు పెట్టి పిలవాలి. మనిషి పలకాలి. ఒకప్పుడు ఎవరో గొర్రెలకాపరి పోయాడని పొరపాటున కబురు తెచ్చినవాడు మరునాడే వచ్చి తడబడకుండా ఆ మాట అనేసి, ఆ ఇంట్లోనే ద్రాక్షసారా తాగి పోయాడు. మాట తీసేదాకా మాత్రం ఆ మనిషిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. పిలిస్తే చావుకు దారి చూపినట్టే.

సెత్తీమియా కొండెక్కి ఇల్లు చేరేసరికి పిల్ల పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసింది. అత్త క్రొచిఫీస్సా గుమ్మంలో నిలబడి, ఆ మాట ఎవడి నోట్లో పుట్టిందే అని మాత్రం అడిగింది. ఊళ్ళో అందరూ ఎర్సీలియాను పిల్లా, ఇదుగో, ఏమే అని పిలుస్తున్నారు. పక్కింటి తల్లులు తమ పిల్లల్ని దాంతో ఆడనివ్వడం లేదు.

"అమ్మా, నా పేరు ఎవరూ పిలవట్లేదు. నేనేం చేశాను?" అంది పిల్ల.

సెత్తీమియాకు ఇవన్నీ పూర్తిగా నమ్మకమని కాదు. రోములో ఉండి ఉండి సగం నమ్మకాలు దులిపేసుకున్న మనిషి. ఊరంతా మూగబోతే పోనీ, కన్నతల్లిని నేను పిలుస్తాను అనుకుని నోరు తెరిచింది. పేరు రాలేదు. ఆ పేరును తను ఆఖరుసారి పిలిచింది చచ్చిపోయిన బిడ్డ కోసం. ఆ కేక గొంతులో అడ్డంపడి ఉంది. తన బిడ్డ పేరు తన నోట రాకుండా చేశాడు వాడు! అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకు ఆ గుమ్మంలో తెలిసింది.

రోముకు దిగివెళ్ళి రుస్పాంతిగారి ముందు నిలబడింది. మీరొచ్చి ఆ మాట తీసెయ్యాలి, అంతకంటే నాకేం వద్దు అంది. ఆయన ముందు విస్తుపోయాడు, తర్వాత నజ్జరేనోను పిలిచి మరీ చెప్పి నవ్వాడు. కొండజాతి మూఢత్వం కోసం గాడిదెక్కి అంత దూరం పోవాలా అన్నాడు. సెత్తీమియా బయటికి వచ్చి, రోములో స్పెయిన్ మెట్లనే చోట పని కోసం కూర్చునే తమ ఊరి ఆడవాళ్ళ మధ్యకు పోయి, పల్మీరా పక్కన కూలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది.

అక్కడ కూర్చున్నవాళ్ళలో చుట్టం కానివారు లేరు. అక్కాచెల్లెళ్ళు, తోడికోడళ్ళు, మేనత్తలు. ఎవరూ అరవలేదు, ఎవరూ శపించలేదు. వింటూ, ఊళ్ళో చూసేవాళ్ళు లేక వెంట తెచ్చుకున్న తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు, అంతే.

రుస్పాంతిగారి బొమ్మకు రాణి ముఖం వచ్చింది గానీ, మోకాళ్ళ మధ్య దాక్కునే చిన్నది ఇంకా రాలేదు. దాన్ని చివర్న చెయ్యడం ఆయన అలవాటు. చిన్నపిల్లలు ఊరికే కుదురుగా ఉండరు, తల్లి పక్కనుండి బుజ్జగించాలి. పట్నపు తల్లులు తమ పిల్లల్ని శిల్పుల గడప తొక్కనివ్వరు, అదొక అప్రతిష్ఠ. ఇక ఉన్నది రోక్కాసెర్రా ఆడవాళ్ళే. ఆయన మనిషిని పంపాడు. ఒకావిడ పిల్లకు దగ్గంది. ఒకావిడ వేరేచోట ఒప్పుకున్నానంది. మూడో ఆవిడ పల్మీరా.

"అయ్యగారికి పిల్లల్ని మాటతో చంపడం బాగా వచ్చుగా, బతికున్నది ఎందుకట?" అని చెప్పి పంపింది.

ఆయన ఎక్కువిస్తానన్నాడు. ఎవరూ మెట్లు దిగలేదు. కర్రబొమ్మకు గౌను తొడిగి చూశాడు. మూట కట్టిపెట్టినట్టుంది. వారాలు గడుస్తుంటే నజ్జరేనో ఎంత తడిగుడ్డలు కప్పినా మట్టి ఎండి, రాణి భుజం మీద బీటలు తీయసాగింది. ఇంకెంతో కాలం ఆగదు, త్వరగా అచ్చు పోయాలి అని వాడు పోరుపెట్టాడు. దొరసాని శరత్కాలానికి వచ్చి చూస్తానని ముందే చెప్పింది. ఆ తొందరలో ఒకరోజు నజ్జరేనో, మీ క్లేలియమ్మ కూడా ఆ ఈడుదే కదయ్యా, ఆ పిల్లనే నిలబెట్టరాదా అన్నాడట. క్లేలియా రుస్పాంతిగారి ఒక్కగానొక్క కూతురు. ఆదివారాలు జడకు నీలం రిబ్బను కట్టుకుని వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుని మట్టి పిసికేది.

"నా పిల్లని తీసుకెళ్ళి ఆ చావు పక్కన నిలబెట్టమంటావా? నోరు మూసుకో!" అని ఆయన వాడి మీదికి చేతిలో ఉన్న గరిటె విసిరాడు.

నజ్జరేనో ఆ మాట దాచుకోలేదు. సాయంత్రానికి స్పెయిన్ మెట్ల మీద ఉన్నవాళ్ళందరికీ తెలిసింది. రాణి బొమ్మ పక్కన సెత్తీమియా ఒంటిని వారాల తరబడి నిలబెట్టినప్పుడు ఆయనకు ఏ చావూ గుర్తురాలేదు.

చివరికి రుస్పాంతిగారే మెట్ల దగ్గరికి వచ్చాడు. నలుగురూ చూస్తుండగా సెత్తీమియా ముందు నిలబడి విసుగ్గా చేతులు విదిలించాడు.

"సరేలే, వస్తాను. ఉత్త మాటేగా. ఆ నాలుగు ముక్కలూ అనేస్తే నీ పిచ్చి కుదురుతుందంటే అలాగే అంటాను."

సెప్టెంబరు చివర, ద్రాక్షకోతల రోజుల్లో గాడిదెక్కి వచ్చాడు. మంచి కోటు తొడుక్కున్నాడు. ఎక్కుతున్నంతసేపూ హుషారుగానే ఉన్నాడు. కోత కోసేవాళ్ళ ముఖాలు చూసి ఇది బాకస్, అది సైలీనస్ అని ద్రాక్షసారా దేవుళ్ళ పేర్లు పెట్టాడు. ముందు నడుస్తున్న సెత్తీమియా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

ఇంటి ముందు ఊరంతా చేరింది. క్రొచిఫీస్సా గడప లోపల కుర్చీ వేసుకుని కూర్చుంది. పాద్రీగారు తను అక్కడ లేనట్టే గోడవారన నిలబడ్డాడు. పిల్ల పెరట్లో కోళ్ళ దగ్గర ఆడుకుంటోంది. ఎవరెక్కడ నిలబడాలో, ఏమనాలో ముసలావిడ రుస్పాంతిగారికి చెప్పింది. ముందు ఆ మాట, ఆ తర్వాత పిల్ల పేరు. ఊళ్ళో పద్ధతి ప్రకారం నా ఇంటికి అన్నప్పుడు తన ఇంట్లో ఉన్న మనిషి పేరు కూడా చెప్పాలి. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది.

"నా కూతురు," అన్నాడాయన.

"అయితే దాని పేరే."

రుస్పాంతిగారు నవ్వబోయి ఆగాడు. నేను తెచ్చిన చావును నా వెంట, అని మొదలుపెట్టాడు. నా ఇంటికే, అన్నాడు. క్లే, అన్నాడు. అక్కడ నాలుక నిలిచిపోయింది. ఇంకోసారి మొదట్నించీ మొదలుపెట్టాడు. ఈసారి నా ఇంటికి దాకా కూడా రాలేకపోయాడు. నోరు సగం తెరుచుకుంది. కళ్ళు చూరు మీదుగా ఆకాశంలోకి పోయాయి. మట్టి పిసికి పిసికి ఆయన వారాల తరబడి వెతికిన ముఖం ఆ గుమ్మం ముందు ఉచితంగా కనబడింది. చూసేవాళ్ళలో దాన్ని గుర్తుపట్టగలిగింది సెత్తీమియా ఒక్కతే.

"అనండయ్యా," అంది ఆమె. "ఉత్త మాటేగా."

"నా వల్ల కాదు," అన్నాడు ఆయన. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "ఇంకేదైనా చెప్పు. అది మాత్రం నా వల్ల కాదు."

ఆ క్షణంలో సెత్తీమియా చాలా అనొచ్చు. నెలరోజులుగా అనుకుంటూనే ఉంది. నా బిడ్డ మీద అన్నప్పుడు ఎలా అయిందిరా నీ వల్ల అని కాలర్ పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. ఊరు ఊరంతా ఆమె వైపే ఉంది, కొట్టినా ఎవరూ ఆపరు. కానీ ఎక్కడో రోములో జడకు నీలం రిబ్బను కట్టుకున్న పిల్ల ఒకతి ఉంది. దానికి ఈ గోలంతా ఏం తెలుసు?

"మీ పిల్ల ఏం చేసిందయ్యా పాపం," అంది. "ఆ సగం వదిలెయ్యండి. నా పిల్లని పిలిచి పొండి."

క్రొచిఫీస్సా పద్ధతి అది కాదని కుర్చీలోంచి లేవబోయింది. అత్తా, కూర్చో అంది సెత్తీమియా. పెళ్ళయిన నాటి నుంచి ఆమె అత్తతో ఆ గొంతుతో మాట్లాడలేదు. ముసలావిడ కూర్చుంది.

రుస్పాంతిగారు పిలిచాడు. ఇల్లు దాటి పెరట్లోకి, పెరడు దాటి ద్రాక్షతోటల్లోకి వినబడేలా పిలిచాడు. "ఎర్సీలియా!"

"ఆఁ, ఏంటి?" అంది పిల్ల కోళ్ళ మధ్యలోంచి. ఎన్నాళ్ళకో తన పేరు విని పరుగున వచ్చింది. చేతిలో కోడి ఈక, మోకాళ్ళ నిండా మట్టి. ఎవరు పిలిచారో తెలియక ముఖాలన్నీ చూసింది. సెత్తీమియా నేల మీద కూలబడి దాన్ని మోకాళ్ళ మధ్యకు లాక్కుంది. ఎర్సీలియా, ఎర్సీలియా అని దాని జుట్టులోకి అంటూనే ఉంది. ఇప్పుడు వచ్చింది ఏడుపు. ఎవరూ వద్దనలేదు.

తల ఎత్తేసరికి రుస్పాంతిగారు ఇంకా అక్కడే ఉన్నాడు. తల్లినీ పిల్లనూ చూస్తున్నాడు. కళ్ళు తడిగానే ఉన్నాయి. అయితే ఆ తడికళ్ళతోనే తల కాస్త పక్కకు వంచి, పిల్ల చెయ్యి తల్లి మెడను ఎలా పట్టుకుందో, గుడ్డ ఎక్కడ ముడతపడిందో చూస్తున్నాడు. కుడిచేతి బొటనవేలు తనకు తెలియకుండానే గాల్లో మట్టి అదుముతోంది. అంతా జరిగాక, ఇంత జరిగాక!

గాడిద ఎక్కబోతూ ఆయన ఆగాడు. మాట తీసేసినట్టే కదా అని అడిగాడు. తీసేసినట్టే అంది సెత్తీమియా. అయితే సోమవారం, అన్నాడాయన నసుగుతూ, సోమవారం పిల్లను తీసుకుని ఒక్క పూట వస్తావా, ఇలాగే, సరిగ్గా ఇలాగే కూర్చుంటే చాలు, మోకాళ్ళ దగ్గర ఒక్క చోటే ఖాళీ ఉంది.

సెత్తీమియా ముఖం తుడుచుకుని లేచింది. పిల్లను చంకనెత్తుకుని గడప లోపలికి వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసింది.

"ఖాళీగానే ఉంచండి," అంది. "చివరికి ఆ రాణికి ఎవ్వరూ మిగల్లేదన్నారుగా."